మంగళం పాడేదాకా అమ్మ లేవకూడదు

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం

శివరాత్రి ఈసారి 26, బుధవారం. ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. అప్పుడే నోట్‌బుక్ తీశానని మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనీ.

శివాలయం మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. శివరాత్రికి సాయంత్రం సన్నాయి మేళంతో మొదలవుతుంది. తర్వాత హరికథ, అర్ధరాత్రి లింగోద్భవ కాలంలో అభిషేకం, అదయ్యాక మళ్ళీ సన్నాయి, వయొలిన్, తెల్లవారుజామున మంగళం. మర్నాడు పొద్దున్న వాయించినవాళ్ళకీ, జాగారం చేసిన చుట్టపక్కాలకీ మా ఇంట్లో వంట. అది టిఫినూ కాదు, భోజనమూ కాదు, రెండూ కలిసిన పూట. హైదరాబాద్‌లో ఉండే పిల్లలు బ్రంచ్ అంటారు. మా అత్తయ్య మాత్రం 'శివరాత్రి చద్ది' అంటుంది, పొగలు కక్కుతూ ఉన్నా సరే.

ఇందులో ఒక తిరకాసు ఉంది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అమ్మ హరికథ సగంలో లేచి ఇంటికి వచ్చేస్తుంది. పప్పు రుబ్బాలి, ఆకులు కుట్టాలి, కొబ్బరి కోరాలి. అక్కడ సన్నాయి మాంచి పట్టు మీదుంటే ఇక్కడ అమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని ఉంటుంది. గ్రైండరు కొన్నాక రుబ్బురోలు పెరట్లోకి పోయింది గానీ చప్పుడు పెరిగింది, అంతే తేడా. కిందటేడు అడిగాను, "తెల్లారుజామున ఏం వాయించారమ్మా?" అని.

"గ్రైండరు వాయించింది" అంది.

అందుకే ఈ ప్రాజెక్టు. 26 సాయంత్రం గుడికి వెళ్ళినవాళ్ళు మంగళం దాకా వంటింటి మొహం చూడకూడదు. 27న తొమ్మిదిన్నరకి ఆకు వెయ్యాలి. మనుషులు 45 అని ప్రస్తుతానికి లెక్క. వండేది నేను. అమ్మకి చెబితే "సరేలే" అంది, నమ్మని గొంతుతో.

మెనూలో ఒక్కటే ఖాయం, పొట్టిక్కలు. పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీ. అంబాజీపేట వైపు వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రంతా పిండి దాని పని అది చేసుకుంటుంది, మన పని మనం చేసుకోవచ్చు. కనీసం సిద్ధాంతం అది. ఇవాళ రాత్రి చిన్న ట్రయల్: పావుకిలో మినపగుళ్ళు, అరకిలో ఇడ్లీ రవ్వ. ఎనిమిదింటికి కలిపి వంటింటి గట్టు మీద పెట్టాను.

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున్న ఆరింటికి మూత తీశాను. పిండి రాత్రి ఎంతవరకు ఉందో అంతే ఉంది. గరిటెతో కదిపితే ఒక్క బుడగ లేదు. అయినా మొండిగా ఉడికించాను. నాన్న ఒకటి చేత్తో పట్టుకుని బరువు చూసి, "ప్రహరీ గోడకి పనికొస్తాయిరా" అన్నారు.

తప్పు పప్పుది కాదు, చలిది. పిండిని పొంగించేది మనం బయటినుంచి వేసేదేమీ కాదు, మినప్పప్పుతో పాటే వచ్చే బాక్టీరియా. అవి గాలి వదులుతాయి. మినప్పప్పు జిగురు ఆ గాలిని బుడగలుగా పట్టి ఉంచుతుంది. వేసవిలో ఆరేడు గంటల్లో అయ్యే పని మాఘమాసపు రాత్రి పది గంటలైనా కాదు. అమ్మ ప్రతి ఏడూ ఈ పాట్లన్నీ ఎలా పడేదో ఇప్పుడు అడిగాను. అర్ధరాత్రి రుబ్బి, వేన్నీళ్ళ గిన్నెలో పెట్టి, గంటకోసారి నీళ్ళు మార్చేదట. అంటే కచేరీ మిస్సయింది ఒక్క రుబ్బడం వల్ల కాదు, ఈ కాపలా వల్ల కూడా.

సోడా ఉప్పు వేస్తే గొడవ వదులుతుందని మా ఆవిడ సలహా. అమ్మ ఒక్క చూపు చూసింది. ఆ సలహా అక్కడితో సరి.

ఫిబ్రవరి 10, సోమవారం

నిన్న రాత్రి రెండో ట్రయల్. వేడి కావాలి కదా అని గిన్నె తీసుకెళ్ళి దాలి గట్టు మీద పెట్టాను. దాలి అంటే మా పెరట్లో పిడకల గుంట. పొద్దున్న పెట్టిన పాలు అందులో సాయంత్రం దాకా కాగి ఎర్రటి మీగడ కడతాయి. రాత్రికి నిప్పు నివురుగప్పి గోరువెచ్చగా ఉంటుంది, పిండికి ఇంతకంటే చోటు దొరకదనుకున్నాను.

తెల్లారి వెళ్ళేసరికి మూత ఒక పక్క, పిండి ఇంకో పక్క. గట్టు మీంచి జారి కిందికి పాకుతోంది. గిన్నెలో మిగిలింది వాసన చూస్తే ముక్కు మూసుకోవాలి, అంత పులుపు. దాలి మనం అనుకున్నంత నెమ్మది కాదు, గిన్నె అడుగు బాగా వేడెక్కిపోయింది. మిగిలిన పిండితో పుల్లట్లు వేశాం. ఇవాళ రెండు పూటలా అవే, రేపు పొద్దునా అవే.

ఇప్పటికి తెలిసింది ఇదీ: గట్టు మీద చలి ఎక్కువ, దాలి దగ్గర వేడి ఎక్కువ. మధ్యలో ఏదో కావాలి. అది రాత్రంతా ఒకేలా ఉండాలి, ఎవరూ చూడక్కర్లేకుండా.

ఫిబ్రవరి 16, ఆదివారం

దారి దొరికింది. దొరికింది కూడా రొయ్యల చెరువు గట్టు మీద!

మా బామ్మర్దికి ముమ్మిడివరం అవతల రెండు చెరువులున్నాయి. బుధవారం వచ్చినప్పుడు నా పిండి కథ చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, "రొయ్యపిల్లకి నీళ్ళు 28 నుంచి 30 డిగ్రీలుంటే హాయి బావా. నీ పిండికీ అంతే అనుకుంటా. చెరువైతే నా చేతుల్లో లేదు, నీ పిండికేం, పెట్టెలో పెట్టెయ్" అన్నాడు. పెట్టె అంటే రొయ్యలు ఐసు వేసి లారీకెక్కించే తెల్ల థర్మాకోల్ పెట్టె. చల్లదనాన్ని బయటికి పోనివ్వనిది వెచ్చదనాన్ని మాత్రం పోనిస్తుందా? ఇన్నాళ్ళూ కళ్ళెదురుగా ఉన్నదే, తట్టలేదు.

అమ్మ మాత్రం ససేమిరా అంది. "శివరాత్రి పిండి రొయ్యల పెట్టెలోనా!" వాడినవి కాదు, కొత్తవి రెండు కొనుక్కొచ్చానని షాపు కవరుతో సహా చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. అయినా ఒకసారి పసుపునీళ్ళు చల్లింది.

నిన్న రాత్రి మూడో ట్రయల్. పెట్టెలో పిండి గిన్నె, దాని చెరో పక్క లీటరు సీసాల్లో వేన్నీళ్ళు, సీసాలు గిన్నెకి ఆనకుండా మధ్యలో తువ్వాలు. మూతకి చిన్న చిల్లు పెట్టి బామ్మర్ది ఇచ్చిన చెరువు థర్మామీటరు దూర్చాను, తెరవకుండా చదువుకోవచ్చని. రాత్రి ఎనిమిదింటికి 30. పొద్దున్న ఆరింటికి 26. వంటింటి గట్టు మీద అప్పుడు 20. పిండి దాదాపు రెట్టింపు అయ్యింది. పైన నున్నటి బుర్ర, గరిటె పెడితే 'స్...' మని దిగింది. ఆ చప్పుడు విని అమ్మ పూజగదిలోంచి తొంగి చూసింది. ఏమీ అనలేదు. అనలేదంటే మా ఇంట్లో పాసైనట్టే.

ఇంకో మార్పు: ఉప్పు రాత్రి వెయ్యట్లేదు, పొద్దున్నే. ఉప్పు పిండిని కాస్త వెనక్కి లాగుతుంది. పైగా ఉపవాసం రోజు రుచి చూసే వీలు లేదు కదా, ఆ గొడవా తప్పుతుంది.

బామ్మర్ది మెనూలో నాటుకోడి పెట్టించాలని చాలా తంటాలు పడ్డాడు, శివరాత్రి అయిపోయాక తప్పేముంది అని. ఈలోపు గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వార్తలు మొదలయ్యాయి. వాదన దానంతటదే ఆగిపోయింది.

ఫిబ్రవరి 20, గురువారం

అత్తయ్య దిగింది. రాజోలు వైపు ఆవిడ ఇల్లు. అంతర్వేది తీర్థం అయ్యాక వస్తానని, ఇదిగో ఇప్పుడు వచ్చింది. సంగీతం మాట వస్తే చాలు, "బాలమురళి పుట్టింది మా శంకరగుప్తంలో" అని మొదలెడుతుంది. ఆయన పుట్టింది అక్కడే, 1930లో. కానీ అత్తయ్య చెబుతుంటే ఆయనకి మొదటి పాఠం ఈవిడే చెప్పినట్టుంటుంది.

బుట్టలు కుట్టడంలో మాత్రం ఆవిడ మాటే శాసనం. ఇవాళ నాకు పాఠం. మరీ లేతాకు అయితే ఆవిరికి వాలిపోతుంది, ముదిరితే మడతపెట్టగానే పెళుక్కున చీలుతుంది. బొటనవేలితో ఆకు వంచితే వంగాలి, వదిలితే లేవాలి, అదీ లెక్క. నాలుగాకులు కడిగి తుడిచి, కొసలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా నాలుగు దిక్కులకీ పరచాలి. మధ్యలో ఈనెపుల్ల గుచ్చాలి. తర్వాత పక్కపక్క ఆకుల్ని పైకి లేపి, అంచు మీద అంచు వేసి, ఇంకో పుల్ల. అలా చుట్టూ నాలుగు. పుల్ల లోపలికి గుచ్చి, మళ్ళీ బయటికి తీయాలి, బట్ట కుట్టినట్టే. చీపురుపుల్ల కుదరదు. పచ్చి కొబ్బరాకు ఈనె తీసి, ఎండబెట్టి, రెండేసి అంగుళాల ముక్కలు చేసి ఏటవాలుగా కోయాలి.

నా మొదటి బుట్టలో నీళ్ళు పోసి చూసింది అత్తయ్య. నా కాళ్ళు తడిశాయి. "ఇది బుట్ట కాదురా అబ్బాయ్, జల్లెడ" అంది. నీళ్ళు కారితే ఫర్వాలేదట, పిండి కారకూడదు. గంటలో నేను ఏడు కుట్టాను, అందులో మూడు పనికొస్తాయి. ఆవిడ మాట్లాడుతూ, టీవీ చూస్తూ, ఫోనెత్తుతూ ఇరవై ఆరు కుట్టింది.

లెక్క వేస్తే వంద బుట్టలకి నాలుగొందల ఆకులు, చిరిగేవాటికి ఇంకో వంద. దిబ్బ మీద రెండు పనస చెట్లున్నాయి కాబట్టి బతికిపోయాం.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళ దిబ్బరొట్టె. దీని మీద నాకు చాలా ఆశ ఉండేది, ఇప్పుడు కొంచెం తగ్గింది.

అనుకున్నది బాగానే ఉంది. పొట్టిక్కల పిండే, నీళ్ళు తగ్గించి గట్టిగా ఉంచుకుంటే దిబ్బరొట్టెకి సరిపోతుంది. ఒక్క రుబ్బుడు, రెండు వంటకాలు. ఇనప మూకుడులో నూనె కాచి, పిండి పోసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు. కింద సెగ, పైన సెగ. బొగ్గులకి కొబ్బరి చిప్పలు. కోనసీమలో వాటికి కొదవేముంది?

మొదటి రొట్టె మూడంగుళాల మందాన పోశాను. చూడ్డానికి దేవుడి పీటలా దర్జాగా ఉంది. కోస్తే అడుగు బొగ్గు, నడుమ పచ్చిపిండి. కింద మంట ఎక్కువ పెట్టి పైన నిప్పులు తక్కువ వేశాను, అసలు చెయ్యాల్సింది దానికి తిరగేసి. రెండోది అంగుళంన్నర మందం. పొయ్యిలో కట్టెలు లాగేసి నివురు మాత్రం ఉంచి, మూత నిండా చిప్పల నిప్పులు పోశాను. నలభై నిమిషాలు. మూత తీయగానే అంచుల వెంట నూనె సన్నగా చిటపటలాడుతోంది. పైన ముదురు బెల్లం రంగు, వేలితో తడితే డప్పులా మోగింది. లోపల దూది. ఆ అంచు ముక్క కోసం మా పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. చెరుకు పానకంలో ముంచుకుని తింటే ఇంకేమీ అక్కర్లేదు.

చిక్కల్లా టైముతోనే. రొట్టెకి నలభై నిమిషాలు, ఎనిమిది మందికి ఒకటి, అంటే ఆరు కావాలి. ఉన్నవి రెండు మూకుళ్ళు. రెండు గంటలు ఒక మనిషి పొయ్యి దగ్గర కదలకుండా ఉండాలి, అదీ రాత్రంతా నిద్రలేనివాడు. నాలుగు రొట్టెలు చాలని తగ్గించేశాను. తలా ఒక ముక్క, రుచికి. పొయ్యి దగ్గర బామ్మర్ది. నాటుకోడి లేదన్న కోపం నిప్పుల మీద చూపించుకోమన్నాను.

ఇడ్లీ రవ్వ ఉప్మా, పెసరట్టు కూడా కొట్టేశాను. పెసరట్టు విడిగా ఎంత బాగున్నా 45 మందికి ఒక్కొక్కటే పొయ్యడం అంటే నా పెనం ముందు క్యూ కడతారు. వాటి బదులు పనసపొట్టు కూర, ముద్దపప్పు, వేడన్నం, మజ్జిగ. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి సరేసరి.

ఫిబ్రవరి 25, మంగళవారం

సెలవు పెట్టాను. ఆఫీసులో కారణం 'ఇంట్లో కార్యం' అని రాశాను. అబద్ధం కాదు.

లేత పనసకాయలు రెండు. పొట్టు కొట్టి అమ్మేవాళ్ళు బజార్లో ఉన్నారు గానీ అమ్మకి మన ఎదురుగా కొట్టిందే కావాలి. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని కూర్చుంది. చెక్కు తీసి, చేత్తో కాయ పట్టుకుని కత్తితో టకటక కొట్టడం, మళ్ళీ పలచగా చెక్కడం. నేను ప్రయత్నిస్తే ముక్కలొచ్చాయి, పొట్టు రాలేదు. ఆ శాఖ అమ్మకే వదిలేశాను. నల్లబడకుండా పసుపు వేసిన పలచటి మజ్జిగలో వేసి పెట్టాం.

సాయంత్రం వరండాలో ఆరుగురం కూర్చుని బుట్టలు కుట్టాం. రాత్రి తొమ్మిదికి 112. తడిబట్టలో చుట్టి గంపలో పెట్టాం, ఎండితే పగులుతాయి. నా వాటా ఇరవై ఒకటి. జల్లెడలు లేవు, పరీక్ష చేశాను.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

సాయంత్రం 5:10. గ్రైండరు బెల్టు తెగింది.

మూడు కిలోల గుళ్ళు, ఆరు కిలోల రవ్వ. అరకిలో చొప్పున ఆరు వాయిలు. రెండున్నరకి మొదలెట్టాం, నాలుగు వాయిలు బాగానే నడిచాయి. అయిదోది వెయ్యగానే రాళ్ళు ఆగిపోయి మోటారు ఒక్కటే తిరుగుతోంది. శివరాత్రి సాయంత్రం బెల్టు ఎవడిస్తాడు? పక్కిళ్ళన్నీ తాళాలు, అందరూ గుళ్ళో. నేను తల పట్టుకుని కూర్చుంటే అమ్మ మాటా పలుకూ లేకుండా పెరట్లోకి వెళ్ళి రుబ్బురోలు మీది గోనె తీసింది. కడిగింది. చీర కొంగు దోపుకుని కూర్చుంది.

ఏ పని తప్పించాలని ఇన్ని వారాలు తిప్పలు పడ్డానో అదే పని, అదే మనిషి, అదే రాయి. చూడలేక పొత్రం లాక్కున్నాను. పది నిమిషాలకి భుజం పోయింది. తర్వాత బామ్మర్ది, మళ్ళీ అమ్మ, అత్తయ్య, మళ్ళీ నేను. గుడి మైకులో సన్నాయి మొదలైంది ఆరున్నరకి. మేం రవ్వ కలిపి, పొట్టిక్కల పిండి రెండు గిన్నెలూ రొట్టె పిండి ఒకటీ పెట్టెల్లో సర్ది, వేన్నీళ్ళ సీసాలు పెట్టి, మూతలకి టేపు వేసేసరికి 7:20. థర్మామీటరు 31. అమ్మ స్నానం చేసి బొట్టు పెట్టుకుని, "మొదలు పోతే పోయింది, పదండి" అంది.

రాత్రి 1:15. గుడి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

హరికథ పదకొండున్నర దాకా సాగింది. దాసుగారి గొంతు జీర పోయినా చిరతలు మాత్రం చివరిదాకా ఖణేల్మన్నాయి. అమ్మ లేవలేదు. పదింటికి అలవాటు కొద్దీ రెండుసార్లు కాళ్ళు సర్దుకుంది. అత్తయ్య మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. అభిషేకం అయ్యింది. ఇప్పుడే నేను ఇంటికి పరిగెత్తి పెట్టెలు చూసొచ్చాను. 28. మూత తియ్యలేదు, చెవి ఆనించి విన్నాను. మా ఆవిడకి తెలిస్తే దీన్ని ఏడాది చెబుతుంది. వంటింటికి వెళ్ళకూడదన్న నియమం అమ్మ కోసం పెట్టింది, నాకు వర్తించదు.

సన్నాయి పెద్దాయన ఇప్పుడు పీకలు మారుస్తున్నాడు. వాయిద్యానికి వేలాడే దారానికి నాలుగైదు ఉన్నాయి. ఒక్కోటి నోట్లో తడిపి, ఊది, వెలుగుకి పెట్టి చూసి, పక్కన పెడుతున్నాడు. నాలుగోది నచ్చింది. పక్కన డోలు అతను వేళ్ళ తొడుగులు సరిచేసుకుంటున్నాడు.

ఫిబ్రవరి 27, గురువారం

రాత్రి తరువాయి ముందు రాయాలి. రెండున్నరకి ఆయన నీలాంబరి ఎత్తుకున్నాడు. జోలపాటల రాగం అది. జాగారం నాడు నీలాంబరి వాయిస్తే ఎవరు మేలుకుంటారు? పది నిమిషాల్లో మండపంలో సగం తలలు వాలాయి. ఈ పక్కకి చూద్దును కదా, అమ్మ స్తంభానికి ఆనుకుని నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఎన్నో ఏళ్ళుగా మిస్సైన భాగం కళ్ళెదురుగా నడుస్తుంటే! లేపుదామని చెయ్యి చాచాను, అత్తయ్య కళ్ళురిమింది. ఊరుకున్నాను.

నాలుగున్నరకి భూపాలం. ఎవరో కిటికీ తెరిచినట్టు జనం కదిలారు. అమ్మ కూడా లేచి కూర్చుంది, జుట్టు ముడేసుకుంటూ, ఏమీ జరగనట్టే. తర్వాత సౌరాష్ట్రంలో మంగళం. అమ్మ లేచి నిలబడి హారతి తీసుకుంది. మా వంటింట్లో ఆ టైముకి ఎవరూ లేరు.

ఇంటికొచ్చి పెట్టెల టేపు పీకాను. 26 డిగ్రీలు. మూడు గిన్నెల్లోనూ పిండి అంచుదాకా వచ్చి ఆగింది. ఒక్క చుక్క బయట పడలేదు. రుబ్బురోలు పిండి ఉన్న గిన్నె మిగతా వాటికంటే రెండు వేళ్ళు ఎక్కువ పొంగింది. అమ్మ దాన్నే చూస్తూ నిలబడింది గానీ గ్రైండరు గురించి ఒక్క మాట అనలేదు, పెద్దమనసు.

తర్వాత అంతా పరుగు. ఏడింటికి బామ్మర్ది చిప్పలు అంటించాడు. ఉప్పు కలిపి బుట్టల్లో ముప్పావు వంతు పిండి పోసి, గుండిగకి పాతిక చొప్పున రెండు గుండిగల్లో నిలబెట్టాం. ఇడ్లీకి పది పన్నెండు నిమిషాలు చాలు గానీ పొట్టిక్క లోతు కాబట్టి పాతిక పట్టింది. చీపురుపుల్ల గుచ్చితే తడి అంటకూడదు. ఎనిమిదింపావుకి మొదటి గుండిగ మూత తీశాను. పనసాకు ఉడికిన వాసన మాటల్లో పట్టదు. పచ్చిగడ్డి వాసనా కాదు, వక్క వాసనా కాదు, వర్షం పడ్డాక తోటలోకి వెళితే వచ్చేదానికి దగ్గర. పుల్ల లాగి ఆకు ఒలిస్తే తెల్లటి పొట్టిక్క మీద ఆకు ఈనెలన్నీ అచ్చు పడ్డాయి, పక్కన లేత ఆకుపచ్చ నీడ. రెండు బుట్టలు కారిపోయాయి. అవి నావే.

పనసపొట్టు ఉడికించి, నీళ్ళు పిండి, చింతపండు రసం వేసి పోపు పెట్టాను. ఆవ మాత్రం తొమ్మిదింటికి, వడ్డించే ముందే నూరాను. ఆవాలు నీళ్ళు తగిలి నలిగితేనే ఘాటు పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకే కూర దించి, చల్లారుతుండగా కలపాలి. అమ్మ ఉపవాసం తీర్థంతో అప్పటికే విరమించింది కాబట్టి వేలితో రుచి చూసి కళ్ళు మూసుకుంది. "నసాళానికి అంటింది. చాలు."

9:40కి ఆకులు వేశాం. పది నిమిషాల ఆలస్యం. మనుషులు 45 కాదు, 53. హరికథ దాసుగారు ఇద్దరు శిష్యుల్ని, నాన్న దారిలో కనిపించినవాళ్ళందర్నీ పిలిచారు.

నా లెక్కలో లేని సంగతొకటి అప్పుడు బయటపడింది. సన్నాయి పెద్దాయన పచ్చళ్ళూ కూరా ఆకు మీద చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమనుకోకండమ్మా. రాత్రంతా ఊదిన పెదాలు, మొద్దుబారి ఉన్నాయి. అల్లం, ఆవ తగిలితే నిప్పండి."

ఇన్ని ట్రయల్స్ చేశాను, థర్మామీటరు పెట్టాను, వాయించినవాడి పెదవుల గురించి ఒక్కసారి ఆలోచించలేదు. అసలు ఈ వంట ఎవరి కోసం? నేను నీళ్ళు నములుతుంటే అమ్మ అప్పటికే లోపలికెళ్ళి వచ్చింది. రెండు పొట్టిక్కలు విప్పి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసి, చుట్టూ చెరుకు పానకం. "తినండి బాబాయిగారూ, మెల్లిగా." ఆయన నాలుగు తిన్నాడు. దిబ్బరొట్టె ముక్క కూడా పానకంలో నానబెట్టుకుని, మెత్తబడ్డాక తిన్నాడు. లేచేటప్పుడు అమ్మతో అన్నాడు: "ప్రతి ఏడూ తమరు కనపడేవారు కాదండి. ఈసారి ముందు వరసలో ఉన్నారని నీలాంబరి కొంచెం ఎక్కువసేపు వాయించానండి."

అమ్మ మొహం చూడాలి! "ఆయ్, విన్నానండి, చాలా బాగుందండి" అంది, తడుముకోకుండా. అత్తయ్య మజ్జిగ గ్లాసు వెనక మొహం దాచుకుంది.

ఇవాళే పట్టభద్రుల ఎమ్మెల్సీ పోలింగ్. పదకొండున్నరకి డిగ్రీలున్న వాళ్ళందరూ ఎర్రటి కళ్ళతో, ఆవలిస్తూ ఓటుకి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. క్యూలో నిలబడే నిద్రపోయాను. వేలికి సిరా, గోళ్ళలో ఆవ.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మిగిలినవి: పొట్టిక్కలు తొమ్మిది, పానకం అర డబ్బా, పనసపొట్టు కూర సున్నా. దిబ్బరొట్టెలు నాలుగూ చాల్లేదు. మూడో రొట్టె ఒక పక్క మాడింది, మూకుడు ఇంకా నానుతోంది. బెల్టు ఇవాళ వేయించాను. వచ్చే ఏడు స్పేరు బెల్టు ముందే కొని ఉంచాలి. కారం లేని పచ్చడి ఏదో ఒకటి ఆలోచించాలి, వాయించేవాళ్ళకి. థర్మాకోల్ పెట్టెలు అమ్మ అటక మీద పెట్టించింది, ఎవరూ చేపలకి తియ్యకుండా పైన 'శివరాత్రి' అని రాయించి మరీ.

ఒలిచిన బుట్టలన్నీ కుప్పగా ఉన్నాయి. వెనక వీధిలో మేకలవాళ్ళు అడిగారు, పనసాకంటే మేకలకి ప్రాణం. కానీ ఈనెపుల్లలతో పాటు వేస్తే గొంతులో గుచ్చుకుంటాయి. అందుకని మధ్యాహ్నం నేనూ అమ్మా వరండాలో కూర్చుని ఒక్కో బుట్టకి అయిదు పుల్లలు చొప్పున లాగుతున్నాం. కుట్టడం కంటే విప్పడమే విసుగు.

సగం అయ్యాక అమ్మ అడిగింది.

"మొన్న రెండున్నరకి ఆయన వాయించింది ఏం రాగం అన్నావురా?"

"నీలాంబరి. నువ్వు నిద్రపోయావుగా."

"ఎవడు చెప్పాడు? కళ్ళు మూసుకుని విన్నాను."

"గురక పెట్టావని అత్తయ్య సాక్ష్యం."

"దానికి రాగానికీ గురకకీ తేడా తెలిస్తేగా" అంది, ఇంకో బుట్ట అందుకుంటూ. "ఆ పుల్లలు ఇటు పడెయ్. వచ్చే ఏటికి పనికొస్తాయి."